నీళ్ళిచ్చాను, రాజీ ఇవ్వలేదు

ఒకటి. అశ్విని కార్తె

నా పేరు సుంకులమ్మ. వయసు డెబ్బై దాటింది. ఎంత దాటిందన్నది నన్ను కన్నవాళ్ళకు తెలియాలి, వాళ్ళు పెద్ద ఎండల్లో పోయారు. ఉండేది రాళ్ళకొట్టాల, కొండవార వరుసలో నేల కింది ఇల్లు. ఇంట్లో నేను, పోయిన నా కొడుకు భార్య ఈరమ్మ, ఒక గాలినీళ్ళ మర ఉంటాము. మరను మనుషుల్లో కలిపి చెబుతుందేమిటని పట్నం వాళ్ళు నవ్వుకుంటారేమో. గాలిని పిండి అది రోజుకు ఒక బిందె నీళ్ళిస్తుంది. అది లేకపోతే మేమిద్దరం లేము.

నాకు చదువు రాదు. నేను చెబుతుంటే ఈరమ్మకున్న మాటలపెట్టె విని రాసుకుంటోంది. వినబోయేది పట్నంలో విచారణ గద్దె కాబట్టి పుస్తకాల భాషలో రాయమన్నాను, మనుషులు నోటితో అన్నది మాత్రం అన్నట్టే ఉంచమన్నాను. నేను కోపం అన్నచోట మొదట్లో అది బాధ అని రాసింది. ఈరమ్మ చదివి వినిపిస్తే తెలిసింది. పెట్టెను రెండు తట్లు తట్టాను. ఇప్పుడు కోపమంటే కోపమనే రాస్తోంది.

సర్కారు నన్ను కోట సుంకులమ్మ అంటుంది. నాకు ఇంటిపేరు గుర్తు లేకపోతే పెరిగిన చోటు పేరు తగిలించారు. పెద్ద ఎండల్లో అమ్మానాన్న పోయిన పిల్లల్ని సర్కారు బండ్లలో ఎక్కించి తెచ్చి బాలరక్షణ నిలయంలో పెట్టింది. దాన్నే మేము కోట అనేవాళ్ళం. అక్కడ మమ్మల్ని రక్షించలేదు, చంపుకు తిన్నారు. దాని మీద నేను పెట్టిన అర్జీ ఇంకా తెరిచి ఉంది. దాన్ని మూసెయ్యాలని సర్కారు చూస్తోంది. మూయనివ్వకూడదని నేను చూస్తున్నాను. ఈ చెప్పేదంతా అందుకే.

మా వాకిట్లో చెంబు బోర్లించి ఉంటుంది. దాని సంగతి తెలియకపోతే నా వ్యాజ్యం అర్థం కాదు. మా వైపు తగువు తీరాలంటే నీళ్ళరాజీ. అన్యాయం పడ్డ మనిషి చెంబుతో నీళ్ళిస్తుంది, చేసిన మనిషి ఇద్దరి ముందర తాగుతాడు. ఆ తరువాత ఆ మాట ఎవరి నోటా రాకూడదు. రాజీకి ఒప్పుకోనివాళ్ళు వాకిట్లో చెంబు బోర్లించి పెట్టుకుంటారు. ఆ ఇంట ఎవరూ నీళ్ళడగరు, చుట్టాలు కూడా పక్కింటికి పోతారు. మా ఇంటికి చుట్టాలు రావడం మానేసి చాలా ఏళ్ళయింది. ఈరమ్మ తోడబుట్టినవాళ్ళు కూడా గడప దాటరు.

ఈ ఆచారాన్ని సర్కారు ఎత్తుకుపోయి ఊరట పథకంలో పెట్టుకుంది. ఊరట అధికారి అని ఒకాయన మా ఇళ్ళకు వస్తాడు. క్షమించమని ఒక చదువు చదువుతాడు, మన చెంబు నీళ్ళు తాగుతాడు, అర్జీ మూసుకుపోతుంది. బదులుగా బతికినంత కాలం మరలో రోజుకు ఇంకో బిందె ఎక్కువ వస్తుంది. ఏం జరిగిందో, ఎవరు చేశారో, ఎవరు చూసి ఊరుకున్నారో విచారణ ఉండదు.


రెండు. భరణి కార్తె

ఈ పొద్దు తెల్లవారుజామునే మరలో తేమ పట్టే గుడ్డలు విప్పి దుమ్ము దులిపాము. దుమ్ము పడితే మర నీళ్ళివ్వదు, మూలుగుతుంది. నేను దులుపుతాను, ఈరమ్మ పిండుతుంది. పిండిన నీళ్ళు మేకకని ఒకప్పుడు దాచేవాళ్ళం. ఇప్పుడు మేక లేదు, మేమే తాగుతాము.

పని మధ్యలో తిప్పక్క వచ్చి మెట్ల మీద కూర్చుంది. తిప్పక్క, నేను ఒకే బండిలో కోటకు వచ్చినవాళ్ళం. ఒకే చాప మీద పడుకున్నాము. లోపలికి రాకుండా మెట్ల మీదే కూర్చోవడంతో నాకు తెలిసిపోయింది.

"ఇచ్చినావా?" అన్నాను.

"ఇచ్చినా" అంది.

"ఎవరడిగినారు నిన్ను?"

"ఊరటాయన నడిపొద్దున వచ్చినాడుమ్మే. కూత కూసినాక, ఒక్క పురుగు కూడా బయట తిరగని యాల. మొగం కందిపోయి వాకిట్లో నిలబడుకోని గొంతెండిపోతాందక్కా అనె. ఇంటి ముందర నిలబడి దప్పిక అన్నోనికి లేదని ఎట్ల చెప్పేది? నా నోరు రాలేదు."

"నీ చెంబు బోర్లించే ఉండెగదా."

"నేనే తిప్పినా. చేతికి ఆలోచన ఉంటాదా?"

నడిపొద్దున మా ఊళ్ళో ఎండ హెచ్చరిక కూత కూస్తుంది. ఆ తరువాత పైకి వచ్చిన మనిషి ఎక్కువసేపు నిలబడలేడు. ఊరట అధికార్లు సరిగ్గా ఆ వేళకే వస్తారు. దప్పిక అన్న మనిషికి లేదనడం మా పుట్టుకలో లేదని వాళ్ళకు తెలుసు. అవతలి వరుసలో వాళ్ళంతా అట్లాగే ఇచ్చారు. కొందరు బిందె కోసం ఇచ్చారు, వాళ్ళనూ నేనేమీ అనను. చంటిబిడ్డ ఇంట్లో ఉంటే బిందె చిన్నది కాదు.

"ఇంగ నువ్వొక్కదానివే మిగిలినావు మ్మే" అంది తిప్పక్క. "తిడతావనుకుంటి."

"తిట్టేది నిన్ను కాదులే. లోపలికి రా, ఎండెక్కుతాంది."

వచ్చింది. గుడ్డలు పిండింది. కోట మాట మాత్రం ఎత్తలేదు. రాజీ అయినవాళ్ళు కోట గురించి మాట్లాడితే ఇచ్చిన బిందె ఆపేస్తారు. ఇంత కాలం నాతో దాని గురించి మాట్లాడిన ఒకే ఒక్క నోరు అట్లా మూతపడింది.


మూడు. భరణి పోతూ ఉండగా

మాటలపెట్టె అంది, కోటలో ఏం జరిగిందో చెప్పనిదే వ్యాజ్యం నిలబడదని. నిజమే. ఒక్కసారి చెబుతాను, మళ్ళీ అడగొద్దు.

కోటలో పెద్ద మరలు ఉండేవి, పట్నానికి నీళ్ళు తోలే మరలు. వాటి పీపాల్లో దూరి గుడ్డలు దులపడానికి పెద్దవాళ్ళు పట్టరు. పిల్లలు పడతారు. పీపాలో చుట్టూ తడి, ముక్కు కింద తడి. నాలుక తగిలించకూడదు. తగిలించినట్టు తెలిస్తే శిక్ష ఉండేది. నోటికి గుడ్డ కట్టి, నీళ్ళు నిండిన గాబు తొట్టి పక్కన నిలబెట్టేవాళ్ళు. నీళ్ళు కనపడుతూ ఉండాలి, చప్పుడు వినపడుతూ ఉండాలి. మిగతా పిల్లలం ఆ పిల్ల ముందరే వరుసగా తాగాలి. తాగనంటే మనకూ గుడ్డ కట్టేవాళ్ళు.

ఇవి కాక ఆడపిల్లలకు జరిగినవి ఉన్నాయి. అవి గద్దె ముందర, తలుపులు వేసి, ఆడమనిషి అడిగితే చెబుతాను. పెట్టెకు చెప్పను.

గంగులు అని ఒక పిల్ల, పై పళ్ళు రెండు ఊడినది. రోహిణి కార్తెలో గాబు పక్కన నిలబెడితే అక్కడే కూలబడింది. మళ్ళీ లేవలేదు. జ్వరం అని రాశారు.

ఇంకొకటి చెప్పాలి, అసలు నా వ్యాజ్యం దీని మీదే. కోటను నడిపిన పెద్దయ్య ఎప్పుడో చచ్చాడు. వాడితో నాకు పనిలేదు. తనిఖీకని సర్కారు మనుషులు వచ్చేవాళ్ళు. గంగులును నిలబెట్టిన రోజు కూడా వచ్చారు. నోటికి గుడ్డతో నిలబడ్డ పిల్లను చూశారు. ఏమిటిది అని ఒకాయన అడిగాడు. మాట వినడం లేదండీ అన్నాడు పెద్దయ్య. సరేనని ఆ గాబులోనే నీళ్ళు ముంచుకుని తాగి, పిల్లలు బాగున్నారని రాసి పోయారు.

ఆ మనుషులకు పేర్లు ఉన్నాయి. వాళ్ళను పంపినవాళ్ళకు పేర్లు ఉన్నాయి. ఆ పేర్లు నలుగురిలో చదవాలి. గంగులు జ్వరంతో పోలేదని రాయాలి. నాకు కావలసింది అది, బిందె కాదు.


నాలుగు. కృత్తిక కార్తె

ఊరట అధికారి మా ఇంటికి వచ్చాడు. పేరు అశ్వర్థ నారాయణ. నలభై ఉంటాయి. మెత్తటి మనిషి, పాదాలకు కొత్త చెప్పులు. రొమ్ము మీద గుండ్రంగా సర్కారు కన్ను బిగించుకున్నాడు. అది చూసిందంతా పట్నానికి పోతుంది. ఈయన మాత్రం నడిపొద్దున కాకుండా పొద్దు వాలాక వచ్చాడు, ఆ సంగతి ఒప్పుకోవాలి. బోర్లించిన చెంబు చూసి మెట్ల మీదే ఆగాడు.

"చదవాల్సిన చదువు ఒకటుంది పెద్దమ్మా, అయిపోతే పోతాను" అన్నాడు.

"చదువుకోపో. నాకు చెవులుండాయి."

ఆయన చదివాడు. గతంలో జరిగినవాటి వల్ల మీకు బాధ కలిగిందని సర్కారు గుర్తించింది, ఇట్లా.

"ఎవరు కలిగించినారు?" అన్నాను.

"అది... అంటే అప్పటి పరిస్థితులు పెద్దమ్మా."

"పరిస్థితి వచ్చి నోటికి గుడ్డ కట్టిందా?"

లోపలనుంచి ఈరమ్మ దగ్గింది. నన్ను ఆపాలనుకున్నప్పుడు అట్లాగే దగ్గుతుంది.

"అప్పుడున్న సర్కారు వేరు. ఇప్పుడున్నది వేరు" అన్నాడు అశ్వర్థ. "ఆ మనుషులెవరూ ఇప్పుడు లేరు."

"అట్లనా? కోట గోడలు ఎవరివి ఇప్పుడు?"

"సర్కారువే."

"ఆ పెద్ద మరలు?"

"సర్కారువే."

"ఆ మరల నీళ్ళు ఎవరు తాగుతాండారు? మీ పట్నమోళ్ళే కదా. అబ్బీ, మామ పొలం నాది, మామ బావి నాది, మామ అప్పు మాత్రం నాకు తెలీదు అన్న అల్లుణ్ణి మీ ఇండ్లల్లో ఏమంటారు?"

ఆయన నవ్వు ఆపుకోలేకపోయాడు. వెంటనే చెయ్యి కన్ను మీదకు పోయింది, నవ్వు పట్నానికి పోయిందేమోనని. చూస్తే పాపమనిపించింది, కోపమూ వచ్చింది.

పోతూ పోతూ ఒక మాట చెప్పాడు. చెప్పకుండా పోవచ్చు, అయినా చెప్పాడు. కోటకు సున్నం వేస్తున్నారట. తగలబడిపోయిన తూర్పు ఊళ్ళ పిల్లల్ని తెచ్చి మళ్ళీ నింపుతారట. పీపాలు దులపడానికి మనుషులు చాలడం లేదు. ఒక్క అర్జీ తెరిచి ఉన్నా కోట తెరవడానికి చట్టం ఒప్పుకోదు. ఆ ఒక్కటీ నాది.


అయిదు. రోహిణి వచ్చే ముందు

ఈరమ్మకూ నాకూ గొడవ జరిగింది. పెట్టె పక్కనే ఉంది, అంతా రాసుకుంది. తీసెయ్యమంటే ఈరమ్మే ఉంచమంది.

"అత్తా, నాకు మోకాళ్ళలో నీళ్ళింకిపోయినాయంటాడు వైద్యుడు. ఇంకో బిందె వస్తే ఒక పూటైనా కడుపునిండా తాగుతా. ఒకసారైనా నెత్తిన పోసుకుంటా."

"నేను కాదంటినా? నా వంతు తాగు."

"నీ వంతు తాగితే నువ్వు చస్తావు. అప్పుడు కూడా అర్జీ మూసుకపోతాది. చచ్చినోళ్ళ దప్పిక కోసం బతికినోళ్ళను ఎండబెడతావా?"

"రాబోయే పిల్లలు చచ్చినోళ్ళా?"

ఆమె గుడ్డలు తీసి విసురుగా దులిపింది. దుమ్మంతా నా మీద పడింది. కాసేపటికి వచ్చి, కొంగుతో నా మొహం తుడిచి, "గమ్మునుండు, కండ్లలో పడినట్టుంది" అంది. ఈ ఇంట్లో రాజీ అంటే అంతే.


ఆరు. రోహిణి కార్తె

ఇది జరిగిన రోజు సాయంత్రమే చెబుతున్నాను.

నడిపొద్దు కూత కూసింది. తిప్పక్క మా ఇంట్లోనే ఉంది, వాళ్ళ ఇల్లు దూరమని ఉండిపోయింది. తలుపు బిగించుకుని పడుకున్నాము. పైన అడుగుల చప్పుడయింది. తలుపు సందులోంచి ఈరమ్మ చూసి, "ఊరటాయన" అంది.

"నడిపొద్దున వచ్చినాడా? ఈయప్ప కూడా నేర్చినాడు" అన్నాను. "పలకొద్దు."

ఆయన పిలుస్తాడని, గొంతెండుతోందని అంటాడని కాచుకుని కూర్చున్నాము. పిలవలేదు. అదే నాకు అర్థం కాలేదు. లేచి సందులోంచి నేనే చూశాను. ఆయన మా వాకిలి దాకా వచ్చాడు, బోర్లించిన చెంబు చూశాడు, వెనక్కి తిరిగాడు. పక్కింటికి పోదామనుకున్నట్టున్నాడు, పక్కిల్లు తాళం. ఎదురు వరుసకు నాలుగడుగులు వేసి, గోడకు ఆనుకుని జారిపోయాడు. దారి మలుపులో సర్కారు బండి ఆగిపోయి ఉంది, దాని మూత ఎత్తి ఉంది.

"నాటకం" అంది తిప్పక్క. "మా ఇంట్లో కూడా ఇట్లనే చేసినాడు ఇంకోడు."

"నీళ్ళడిగినాడు వాడు. ఈయప్ప అడగల్యా."

ముగ్గురం గోనెలు కప్పుకుని పోయి ఈడ్చుకొచ్చాము. మెట్ల నీడలో పడుకోబెట్టాము. తడిగుడ్డ రొమ్ము మీద వేశాము, అరికాళ్ళకు చుట్టాము. కళ్ళు తెరవలేదు. పెదవులు తెల్లగా బీటలు వారి, నోరు తెరుచుకుని, నాలుక లోపల ఒక పక్కకు పడి ఉంది. అటువంటి నోరు నేను ముందు ఒక్కసారే చూశాను. అప్పుడు దానికి గుడ్డ కట్టి ఉంది.

ఆయన రొమ్ము మీద కన్ను తెరుచుకునే ఉంది. మేమిద్దరమో ముగ్గురమో దానికి కనపడుతున్నాము. చదువు ముందే అయిపోయింది, ఇక ఈ చేతిలోంచి నీళ్ళు ఆ నోట్లోకి పోతే చాలు, రాజీ.

"కంటి మీద గుడ్డెయ్యి మ్మే" అంది తిప్పక్క.

"నేనేమన్నా దొంగతనం చేస్తాండానా?"

ఈరమ్మ బిందె పక్కన నిలబడి ఉంది. చెంబు వైపు చూసింది, నా వైపు చూసింది. ముట్టుకోలేదు. బోర్లించిన చెంబును బోర్లించినవాళ్ళే తిప్పాలి. మొన్న బిందె బిందె అని పోట్లాడిన మనిషి ఇప్పుడు ఒక్క మాట అనలేదు.

నేను చెంబు తిప్పాను. ముంచాను. కన్ను ముందుకు మొహం పెట్టి చెప్పాను, ఎవరైనా అది తీసి వింటే నా మాటలు అందులో ఉంటాయి.

"చూడు సర్కారా. ఈ మనిషికి దప్పికయింది, ఇస్తాండా. నీకు కాదు. నువ్వు గంగులు పక్కన నిలబడి తాగినావు, నీ దప్పిక ఆడనే తీరింది."

చుక్కచుక్కగా పోశాను. గొంతు కదిలింది. తరువాత రెండు చేతులతో చెంబు పట్టుకుని తాగాడు, పసిబిడ్డలా, శ్వాస తీసుకోకుండా.

కళ్ళు తెరిచి, ఎక్కడున్నాడో చూసుకుని, చేతిలో చెంబు చూసి, "ఎందుకిచ్చినావు పెద్దమ్మా" అన్నాడు. ఆ మాట అంటూ ఏడ్చాడు.

అంతలోనే లోపల మర గురగురమంది. దాని దీపం పచ్చబడింది. మాటలపెట్టె, నా మాటలు రాసుకోవడం ఆపి, తనది కాని గొంతుతో పలికింది. మీ రాజీ నమోదైంది, సర్కారు మీకు కృతజ్ఞతలు తెలుపుతోంది అని. మర కింద రెండో బిందె పెట్టమని చెప్పింది. మేము పెట్టలేదు. నీళ్ళు నేల మీద కారుతుంటే చూడలేక ఆఖరికి ఈరమ్మే బిందె పెట్టింది.

"నేను ముట్టుకోను అత్తా. పారబోసేదానికి చేతులు రావు, అంతే" అంది. నిండిన ఆ బిందెను తీసుకుపోయి దారి పక్కన, ఎవరైనా తాగేటట్టు పెట్టి వచ్చింది. ఇకనుంచి దాన్ని రోజూ అక్కడే పెడతాము.


ఏడు. రోహిణి పోతూ ఉండగా

తిప్పక్కను తోడు తీసుకుని ఊరట కచేరీకి పోయాను. కిటికీలో మనిషి లేడు, ఒక తియ్యటి గొంతు ఉంది. మీ అర్జీ సంతోషకరంగా ముగిసింది అంది. సంతోషం ఎవరికే అన్నాను. మీ అర్జీ సంతోషకరంగా ముగిసింది అని మళ్ళీ అంది. కిటికీ మీద కొట్టాను. అప్పుడు వెనక గదిలోంచి ఒక గుమాస్తా వచ్చింది. నడి వయసు మనిషి, నోట్లో వక్క.

"అవ్వా, కొట్టొద్దు, దానికి నొప్పి లేదు, నీకే" అంది. విషయమంతా విని చెప్పింది. ఇచ్చినవాళ్ళు ఏ మనసుతో ఇచ్చారో చట్టం అడగదు. తాగినవాడు తనంతట తాను వచ్చి, నేను సర్కారు తరఫున తాగలేదు, నా దప్పికకు తాగాను అని వాంగ్మూలంలో సాక్షిగా తన పేరు పెడితే, అప్పుడు గద్దె అర్జీని మళ్ళీ చూడాలి. మృగశిర కార్తె ముగిసేలోపల జరగాలి.

"ఎవరన్నా అట్ల పెట్టినారా ఇంతవరకు?" అని తిప్పక్క అడిగింది.

గుమాస్తా వక్క నములుతూ వెనక గదిలోకి పోయింది.

తిరిగి వస్తూ తిప్పక్క దారంతా సతాయించింది. "పోయి అడుగు మ్మే. పానం పోసినావు ఆయప్పకు. కాదంటాడా?"

"అడగను."

"ఏంటికి?"

"నీళ్ళకు బదులు అడిగితే అది బేరం. బేరమైతే సర్కారు చెప్పేదే నిజం, నేనిచ్చింది రాజీ నీళ్ళే. ఊరికే ఇచ్చినాననే కదా నా వ్యాజ్యమంతా. ఇప్పుడు పోయి చెయ్యి చాపితే ఏం మిగలతాది?"

"నీ తిక్కతో పిల్లలు చస్తారు."

ఆ మాట నాకు తగిలింది. తగలాలనే అంది. రాత్రి అన్నం ముట్టలేదు. అయినా పోలేదు. సర్కారు ఇట్లా చేసింది చూడండి. ఒక మనిషికి నీళ్ళిచ్చినందుకు నేను పిల్లల్ని అమ్ముకున్నట్టయింది. ఇవ్వకుండా ఉంటే పెద్దయ్యనయ్యేదాన్ని. ఏ పక్క అడుగేసినా తప్పు నాదే అయ్యేటట్టు కట్టిన చట్టం ఎవరు కట్టారో వాళ్ళ పేరు కూడా చదవాలి. ఆ పేరు కూడా నా అర్జీలో చేర్చండి.


ఎనిమిది. మృగశిర కార్తె

నిన్న పొద్దువాలాక కోట వైపు రెండు బండ్లు పోయాయి. కప్పు మీద తెల్లగుడ్డ కట్టి ఉంది. మా ఊరి దగ్గర ఆగితే, దారి పక్కన మేము పెట్టిన బిందె చూసి పిల్లలు దిగబోయారు. బండి తోలే మనిషి వద్దన్నాడు. ఒక పిల్ల విననట్టు దూకి దోసిలి పట్టింది. ఈరమ్మ పోసింది. ఆ పిల్లకు చెవి పక్కన కాలిన మచ్చ ఉంది. పేరు అడిగితే చెప్పేలోపల ఎక్కించుకుని పోయారు.

ఈ పొద్దు తెల్లారగానే అశ్వర్థ నారాయణ వచ్చాడు. కాలినడకన వచ్చాడు. రొమ్ము మీద కన్ను లేదు, అది బిగించిన చోట చొక్కా కొంచెం నల్లగా ఉంది. మెట్ల మీద కూర్చున్నాడు.

"పెద్దమ్మా, నువ్వు వస్తావని ఇన్ని దినాలు చూసినా" అన్నాడు.

"ఏంటికి?"

"అడుగుతావని. అడిగితే లేదని చెప్పాలని తయారుగా ఉంటి. నాకు ఇద్దరు బిడ్డలు. ఉద్యోగంతో పాటు ఇచ్చిన చల్లగది ఉండాది. ఉద్యోగం పోతే వాళ్ళు ఎండలోకి వస్తారు. ఇదంతా చెప్పాలని వరసగా పెట్టుకోనుంటి. నువ్వు రాలేదు."

"చెప్పుకున్నావు కదా ఇప్పుడు. పో. బిడ్డలను చూసుకో. నేనేమీ అనుకోను."

ఆయన పోలేదు. ఈరమ్మ తలుపు దగ్గరకు వచ్చి నిలబడింది.

"బండ్లకు నిన్న నన్నే తోడు పొమ్మన్నారు" అన్నాడు. "పోయినా. ఇక్కడ ఆగినప్పుడు మొగం చూపలేక రెండో బండిలోనే కూర్చుంటి. కోటలో గాబు చూసినా. కడిగి పెట్టినారు, కొత్త మూత. పక్కన గోడకు, ఇంత ఎత్తులో, సున్నం వేసినా పోకుండా ఒక మరక ఉండాది పెద్దమ్మా. వీపు ఆనుకోని ఆనుకోని అరిగినట్టు." అరచెయ్యి నేల నుంచి కొంత ఎత్తులో పట్టి చూపించాడు. చెయ్యి అక్కడే చాలాసేపు ఉంచాడు.

ఆ ఎత్తు నాకు తెలుసు.

"అది రాసుకోవచ్చా అంటే రాయొద్దన్నారు. తనిఖీలో లేదన్నారు." ఆగి అన్నాడు, "నేను పేరు పెడతా. కానీ ఊరట అధికారి అని పెడితే సర్కారే పెట్టినట్టు అయితాదేమో, అట్ల కుదరదేమో..."

"ఆఫీసరు పేరు నాకేంటికి అబ్బీ. ఆ పొద్దు నా మెట్ల మీద పడింది ఆఫీసరు కాదు."

తిప్పక్క కూడా వచ్చింది. పేరు పెడితే ఆమెకు వచ్చే బిందె ఆగిపోతుందని చెప్పాను. "తెలుసులే, ఈరీ పెట్టే దారి బిందెలో ముంచుకుంటా" అంది. ఆ బిందె కూడా ఆగుతుందని ఈరమ్మ అంది. కాసేపు ముగ్గురాడవాళ్ళమూ నవ్వుకున్నాము. అశ్వర్థ మా వంక పిచ్చివాళ్ళను చూసినట్టు చూశాడు.

గద్దె మీద ఉన్నవాళ్ళకు నేను చెప్పేది ఇదీ. నేను ఒక మనిషికి నీళ్ళిచ్చాను. సర్కారుకు రాజీ ఇవ్వలేదు. నా అర్జీ తెరిచి ఉంచండి. తెరిచి ఉంటే కోట మూయాలని మీ చట్టమే చెబుతోంది, నిన్న పోయిన రెండు బండ్లను వెనక్కి తెప్పించండి. చెవి పక్కన మచ్చ ఉన్న పిల్లను ముందు దించండి, పేరు అడగండి. తనిఖీకి వచ్చినవాళ్ళ పేర్లు చదవండి. గంగులు పేరు ఎదురుగా జ్వరం అన్న మాట కొట్టెయ్యండి. మీరు వినేసరికి నేను ఉంటానో లేదో నాకు తెలియదు. నేను లేనంత మాత్రాన మూసుకుపోయేది కాదు ఇది, ఇందులో ఇంకా మూడు పేర్లు ఉన్నాయి. వాళ్ళను పిలిచి అడగండి.

పైన చెప్పిందంతా ఈరమ్మ నాకు చదివి వినిపించింది. నా మాటే. కోపం అన్నచోట కోపమనే ఉంది.

సుంకులమ్మ నిశాని, ఎడమచేతి బొటనవేలు. కోట అనే ఇంటిపేరు కొట్టివేయడమైనది.

సాక్షులు:

ఈరమ్మ, కోడలు. చెంబు ఎవరు తిప్పారో చూసినది.

తిప్పక్క, గంగులుతో, సుంకులమ్మతో ఒకే చాప మీద పడుకున్నది. రాజీ అయినా మాట్లాడుతున్నది.

అశ్వర్థ నారాయణ, దప్పికయితే నీళ్ళు తాగినవాడు.